రాబోయే దేవుడు: శామ్యూల్ అలెగ్జాండర్ జీవితం

మెల్‌బోర్న్‌లో సెయింట్ కిల్డా రోడ్డు మీద ట్రామ్‌లో వెళ్ళేవాళ్ళందరూ వెస్లీ కాలేజీ భవనాన్ని చూసే ఉంటారు. మనలో కొందరు పిల్లల కోసం అక్కడి ఫీజు కనుక్కుని ఒక నిట్టూర్పు విడిచి కూడా ఉంటారు. 1871లో ఆ బళ్ళో ఒక పన్నెండేళ్ళ యూదు కుర్రవాడు చేరాడు. మెథడిస్టు క్రైస్తవులు నడిపే బడి అది. ఆ కుర్రవాడు జీవితంలో ఏనాడూ క్రైస్తవుడు కాలేదు. కానీ పెద్దయ్యాక ఆయన దేవుడి గురించి చేసిన ఆలోచన, ఇరవయ్యో శతాబ్దపు క్రైస్తవ మతచింతనలో పెద్ద కదలిక తెచ్చినవాటిలో ఒకటి. ఆయన పేరు శామ్యూల్ అలెగ్జాండర్. తత్త్వశాస్త్రం చదివినవాళ్ళకి బాగా తెలిసిన పేరే. ఆయన పుట్టి పెరిగిన దేశంలో బతుకుతున్న మనకే అంతగా తెలియదు.

నేను ఇంజినీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాణ్ణి. తత్త్వశాస్త్రం నా రంగం కాదు. మా అమ్మాయి ఒకరోజు కారులో ఒక ప్రశ్న వేసింది. రేపు ఏం జరుగుతుందో దేవుడికి ముందే తెలుసా, తెలిస్తే ఇక మనం ఇంత కష్టపడడం ఎందుకు అని. నాకు తెలిసిన జవాబులేవీ దాన్ని తృప్తిపరచలేదు. నిజం చెప్పాలంటే నన్నూ తృప్తిపరచలేదు. ఆ జవాబు వెతుక్కుంటూ వెళ్ళి చివరికి తేలింది ఈ సిడ్నీ మనిషి దగ్గర.

అలెగ్జాండర్ 1859 జనవరి 6న సిడ్నీలోని జార్జ్ స్ట్రీట్‌లో పుట్టాడు. ఇప్పుడు లైట్ రైలు తిరిగే వీధే. తండ్రి ఇంగ్లండు నుంచి వలస వచ్చి గుర్రపు జీన్లు తయారుచేసే పనిలో స్థిరపడ్డ యూదుడు. తల్లి ఎలైజాది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్. తండ్రి ముఖం గుర్తుండే అదృష్టం ఆ బిడ్డకి లేకపోయింది. నాలుగైదేళ్ళ తర్వాత తల్లి పిల్లల్ని తీసుకుని విక్టోరియాకి మారి, సెయింట్ కిల్డాలో కాపురం పెట్టింది. శామ్యూల్ పుట్టిన 1859లోనే, నవంబరులో, డార్విన్ జాతుల పుట్టుక గురించిన పుస్తకం వెలువడింది. జాతకాల మీద నాకు నమ్మకం తక్కువే గానీ, ఆయన విషయంలో ఈ రెండూ ఒకే ఏడాది జరగడం బాగా కుదిరింది.

వెస్లీలో చదువు అయ్యాక 1875లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో చేరాడు. గ్రీకు, లాటిన్, ఇంగ్లీషు, గణితం, ప్రకృతి శాస్త్రం, ఏ పరీక్ష రాసినా బహుమతి ఆయనకే. రెండేళ్ళలో ఇక్కడ గెలుచుకోవలసినవన్నీ దాదాపు అయిపోయాయి. 1877 మే నెలలో, పద్దెనిమిదేళ్ళ వయసులో, ఇంగ్లండు ఓడ ఎక్కాడు. స్కాలర్‌షిప్ వస్తుందన్న హామీ ఏమీ లేదు. వెళ్ళి పరీక్ష రాయాలి, అంతే. ఓడ దిగేసరికి ఆగస్టు చివరి రోజులు. ఐ-ట్వంటీ కాగితం చేతిలో పట్టుకుని విమానం ఎక్కినవాళ్ళకీ, స్టూడెంట్ వీసా మీద ఈ దేశంలో దిగినవాళ్ళకీ ఆ గుండెదడ ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. అయితే మనం ఇరవై గంటల్లో దిగాం, ఆయనకి మూడు నెలలు పట్టింది.

ఆక్స్‌ఫర్డ్‌లోని బేలియల్ కాలేజీ స్కాలర్‌షిప్ పరీక్షకి కూర్చున్నవాళ్ళలో జార్జ్ కర్జన్ కూడా ఉన్నాడు. తర్వాత వైస్రాయిగా వచ్చి బెంగాల్‌ను రెండు ముక్కలు చేసిన కర్జనే. అలెగ్జాండర్‌కి స్కాలర్‌షిప్ వచ్చింది. 1881లో ప్రథమశ్రేణిలో డిగ్రీ పూర్తిచేసి, 1882లో లింకన్ కాలేజీలో ఫెలోగా ఎన్నికయ్యాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ కాలేజీల్లో ఫెలో అయిన మొదటి యూదుడు ఆయనే. అంతకు పదకొండేళ్ళ ముందైతే ఇది సాధ్యమయ్యేది కాదు. ఆంగ్లికన్ చర్చి విశ్వాస సూత్రాలకి ఒప్పుకుని సంతకం పెట్టనివాడికి అక్కడ ఫెలో పదవి ఉండేది కాదు. 1871లో పార్లమెంటు చేసిన చట్టం ఆ మతపరీక్షని తీసేసింది. అలెగ్జాండర్ వెస్లీలో చేరిన ఏడాదే భూగోళం అవతలి పక్కన ఆయన కోసం ఒక తలుపు తెరుచుకుందన్న మాట.

ఆ తలుపు వెనక ఉన్న ఆక్స్‌ఫర్డ్‌లో అప్పుడు దేవుడి గురించి పెద్ద గందరగోళం నడుస్తోంది. అంతకు వందేళ్ళ ముందు హ్యూమ్, ప్రపంచాన్ని చూసి దాని కర్తని నిరూపించవచ్చనే వాదాన్ని కుదిపేశాడు. దేవుణ్ణి బుద్ధితో నిరూపించడం కుదరదనీ, నీతి నిలబడడానికి ఆయన్ని నమ్మవలసి ఉంటుందనీ కాంట్ తేల్చాడు. పరమాత్మ చరిత్రలో క్రమక్రమంగా తనని తాను తెలుసుకుంటుందని హెగెల్ అన్నాడు. వీటి మీద డార్విన్ వచ్చి పడ్డాడు. అలెగ్జాండర్ గురువుల్లో ఒకడైన టి. హెచ్. గ్రీన్, హెగెల్ దారిలోనే, మన తెలివికీ ప్రకృతికీ ఆధారంగా ఒక శాశ్వత చైతన్యం ఉందని బోధించేవాడు. చదువుకున్న క్రైస్తవ యువకులెందరికో అదే ఆసరా అయింది. బైబిల్లోని అద్భుతాలని నమ్మలేకపోయినా ఆ శాశ్వత చైతన్యాన్ని నమ్మవచ్చు కదా. మన అద్వైతం రుచి తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

అలెగ్జాండర్‌కి మాత్రం అది సరిపోలేదు. గ్రీన్ చెప్పిన చైతన్యానికి కాలం అంటదు. అది ఎప్పుడూ పూర్ణం, దానికి జరగవలసిందేమీ లేదు. డార్విన్ చూపించిన ప్రపంచంలో అన్నీ కాలంలోనే జరుగుతున్నాయి. ఈ రెంటినీ ఒకే తలలో పెట్టుకోవడం ఆయన వల్ల కాలేదు. 1890-91లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ వెళ్ళి మ్యున్‌స్టర్‌బర్గ్ దగ్గర ప్రయోగశాలలో మనస్తత్వశాస్త్రం నేర్చుకున్నాడు. తత్త్వవేత్తలు అప్పట్లో అంతగా పట్టించుకోని పని అది. 1893లో మాంచెస్టర్‌లో ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. ఇక జీవితాంతం ఆ ఊరే.

మాంచెస్టర్ జనానికి ఆయన పుస్తకాల కంటే ముందు ఆయన సైకిలు తెలుసు. పెద్ద గడ్డం, నలిగిన బట్టలు, పట్టణమంతా సైకిలు మీద తిరుగుడు. చెవుడు ఏటేటా పెరిగింది. సభల్లో చర్చలు వినబడేవి కావు గానీ, ఒక్కరితో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడగలిగేవాడు. ఆడపిల్లల పైచదువుల కోసం, ఓటు హక్కు కోసం వేదికలెక్కి మాట్లాడాడు. అక్కడి ఆష్‌బర్న్ హాల్ అనే విద్యార్థినుల వసతిగృహం మొదలుపెట్టినవారిలో ఆయనొకడు. పెళ్ళి చేసుకోలేదు.

1902లో తల్లి, ఒక పినతల్లి, ఇద్దరన్నలు, అక్క, అందరూ ఆస్ట్రేలియాలో ఇల్లు ఎత్తేసి మాంచెస్టర్ వచ్చి ఆయనతోపాటు ఉన్నారు. ఆయన దేశం వదిలి అప్పటికి పాతికేళ్ళు. పద్దెనిమిదేళ్ళవాడిగా పంపించిన కొడుకు నలభై మూడేళ్ళవాడిగా ఎదురొచ్చాడు. అన్నేళ్ళు ఒంటరిగా బతికిన మనిషికి ఇంటినిండా చుట్టాలు ఎలా కుదురుతారో అని స్నేహితులు భయపడ్డారట. కుదిరారు. బుధవారం సాయంత్రాలు ఆ ఇంటి తలుపులు తెరిచే ఉండేవి. తోటి ప్రొఫెసర్లు, పాత విద్యార్థులు వచ్చి కూర్చునేవారు. అక్క ఆతిథ్యం ఆ ఊళ్ళో పేరుపొందింది. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలని పిలిపించుకోవడానికి పేరెంట్ వీసా క్యూలో నిలబడ్డవాళ్ళు ఈ పేరా రెండుసార్లు చదువుతారని నాకు తెలుసు.

ఇక అసలు విషయం. స్కాట్లండ్ విశ్వవిద్యాలయాల్లో గిఫర్డ్ ఉపన్యాసాలని 1888 నుంచి ఒక సంప్రదాయం ఉంది. ఆడమ్ గిఫర్డ్ అనే న్యాయమూర్తి వీలునామా రాసి పెట్టిన సొమ్ము అది. వచ్చే వక్త దేవుడి గురించి మాట్లాడాలి, కానీ ఏ మతగ్రంథాన్నీ ప్రమాణంగా తీసుకోకూడదు. సైన్సు గురించి మాట్లాడినట్టే మాట్లాడాలి. 1915లో గ్లాస్గో విశ్వవిద్యాలయం అలెగ్జాండర్‌ని పిలిచింది. ఆయన ఉపన్యాసాలు 1916 నుంచి 1918 మధ్య, యుద్ధం నడుస్తుండగా సాగాయి. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరి కొడుకు ఫ్రాన్సులో చచ్చిపోతున్న రోజులు. సర్వశక్తిమంతుడు, సర్వజ్ఞుడు, దయామయుడు, ఈ మూడు మాటలనీ చర్చిలో ఒకే ఊపిరిలో పలకడం చాలామందికి కష్టమైంది. స్టడర్ట్ కెనెడీ అనే సైనిక పాస్టర్, సింహాసనం మీద కూర్చున్న దేవుణ్ణి కందకాల్లో చెప్పలేకపోయాననీ, బాధపడే దేవుణ్ణే చెప్పగలిగాననీ 1918లో ఒక పుస్తకమే రాశాడు.

గ్లాస్గో ఉపన్యాసాలు 1920లో స్పేస్, టైమ్ అండ్ డీటీ అనే పేరుతో రెండు సంపుటాలుగా వచ్చాయి. చదవడానికి సులువైన పుస్తకం కాదు. నాకు అర్థమైనంతలో సారం ఇదీ. అన్నిటికీ మూలపదార్థం స్థలం, కాలం కలిసిన ముద్ద. ఐన్‌స్టయిన్, మింకోవ్‌స్కీ భౌతికశాస్త్రంలో ఈ రెంటినీ కలిపారు, ఈయన తత్త్వశాస్త్రం దారిన అక్కడికే వచ్చాడు. ఆ ముద్ద సంక్లిష్టమైన కొద్దీ అందులోంచి పదార్థం వచ్చింది. పదార్థం ఒక పద్ధతిలో అమరినప్పుడు ప్రాణం, ప్రాణం మరింత అమరినప్పుడు మనసు వచ్చాయి. ప్రతి మెట్టు మీదా అంతకుముందు లేని కొత్త గుణం పుట్టుకొస్తుంది. దీన్నే ఆవిర్భావం అన్నారు. ఒక్క ట్రాన్సిస్టర్‌కి కూడిక రాదు, కోట్ల ట్రాన్సిస్టర్లు చేరితే చదరంగం ఆడతాయి, ఇలా పోల్చుకుంటే నాలాంటివాళ్ళకి సులువు. కానీ ఈ పోలిక కొంతదూరమే వస్తుంది. చిప్పు ఏం చేస్తుందో డిజైన్ చేసినవాడికి ముందే తెలుసు. అలెగ్జాండర్ లెక్కలో కింది మెట్టు మీద నిలబడి పై మెట్టు గుణాన్ని ఎవరూ ఊహించలేరు. వచ్చాక తలవంచి ఒప్పుకోవడమే.

మరి మనసు చివరి మెట్టా? ఆగిపోవడానికి కారణం ఏమీ లేదంటాడాయన. మనసుకి పైన ఇంకా రాని మెట్టు ఒకటుంది. దాని గుణానికే ఆయన దైవత్వం అని పేరు పెట్టాడు. దేవుడంటే ఆ దైవత్వం వైపు ఒరుగుతూ, దాన్ని కనడానికి నొప్పులు పడుతున్న ఈ మొత్తం విశ్వమే. విశ్వమంతా దేవుడి శరీరం. విశిష్టాద్వైతం తెలిసినవాళ్ళు ఇక్కడ తల ఊపుతారు, రామానుజులవారు జగత్తుని ఈశ్వరుడి శరీరమనే చెప్పారు కదా. అయితే తేడా చిన్నది కాదు. రామానుజుల నారాయణుడు ఆది నుంచీ పరిపూర్ణుడు. అలెగ్జాండర్ దేవుడు ఇంకా పూర్తి కాలేదు. లోకాన్ని సృష్టించినది ఆయన కాదు, లోకమే ఆయన్ని తయారుచేస్తోంది. మనం చేసే మంచి ఆ తయారీలో ఒక భాగం. కాబట్టి యుద్ధానికి దేవుణ్ణి ముద్దాయిగా నిలబెట్టలేము. రేపు ఏం జరుగుతుందో ఆయనకి ముందే రాసిపెట్టి ఉందనీ అనలేము.

ఇందులో ఉన్న ఇబ్బంది చదివిన ప్రతివాడికీ తట్టింది. ఇంకా రాని దేవుడికి దణ్ణం ఎలా పెట్టడం? అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చున్న తల్లి ఎవరిని పిలవాలి? అలెగ్జాండర్ ఈ ప్రశ్నని దాటవేయలేదు. ఆకలి ఉన్నదంటే అన్నం అనేది ఎక్కడో ఉన్నట్టే, మనిషిలోని భక్తి కూడా ఊరికే పుట్టలేదనీ, విశ్వం ముందుకు లాగే లాగుడుని మన గుండె పసిగట్టడమే భక్తి అనీ ఆయన అభిప్రాయం. గొప్ప మాటే. ఆ తల్లికి చాలుతుందా అంటే నాకైతే అనుమానమే.

క్రైస్తవులు ఈ పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తీసుకోలేదు. తీసుకోగలిగింది తీసుకున్నారు. అందరికంటే ముఖ్యుడు ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్. ఆంగ్లికన్ పాస్టర్ కొడుకు, గణితవేత్త, యుద్ధంలో చిన్నకొడుకుని పోగొట్టుకున్న తండ్రి. 1925 నాటి తన పుస్తకం ముందుమాటలో అలెగ్జాండర్‌కి తన రుణం చెప్పుకున్నాడు. వైట్‌హెడ్ దేవుడు రాబోయేవాడు కాదు, ఇప్పుడే ఉన్నవాడు. కానీ కాలం ఆయన్ని తాకుతుంది, లోకంలో జరిగే ప్రతిదీ ఆయనలో చేరుతుంది. ఆయన ఆజ్ఞాపించడు, నచ్చజెబుతాడు. అమెరికాలో చార్లెస్ హార్ట్‌షార్న్, జాన్ కాబ్ ఈ దారిని క్రైస్తవ మతశాస్త్రంగా పెంచారు. ప్రాసెస్ థియాలజీ అన్న పేరు దానికే. దేవుడికి మార్పు లేదు, బాధ లేదు అని ఎన్నో శతాబ్దాలుగా స్థిరపడి ఉన్న మాటని వాళ్ళు సూటిగా కాదన్నారు. ఇంగ్లండులో, తర్వాత కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయిన విలియమ్ టెంపుల్, 1921 నుంచి 1929 దాకా మాంచెస్టర్ బిషప్పే. పదార్థం, ప్రాణం, మనసు, ఆత్మ అనే మెట్ల వరసని ఆయనా తీసుకున్నాడు గానీ, దేవుణ్ణి పూర్తిగా ఆ మెట్లలో ఇమిడ్చే ఆలోచనకి ఒప్పుకోలేదు. కార్ల్ బార్త్ అసలు ఈ బేరమే వద్దన్నాడు. తత్త్వశాస్త్రం దేవుణ్ణి కనిపెట్టలేదు, దేవుడే తనని తాను తెలియజేసుకోవాలి అన్నది ఆయన పట్టు. తమాషా ఏమిటంటే ఆ మాట చెప్పడానికి ఆయన ఎంచుకున్నది కూడా గిఫర్డ్ వేదికే, 1937-38లో అబర్డీన్‌లో.

మనవాళ్ళలో ఈయన్ని బాగా చదివినవాడు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. 1929-30 హిబ్బర్ట్ ఉపన్యాసాలు ఆయన మాంచెస్టర్‌లోనూ, లండన్‌లోనూ ఇచ్చారు. 1932లో పుస్తకంగా వచ్చిన ఆ ఉపన్యాసాల్లో అలెగ్జాండర్ సిద్ధాంతాన్ని గౌరవంగా పరిశీలించి, ఒక గట్టి ప్రశ్న వేశారు. పై మెట్టు ఇంకా లేనే లేకపోతే, కింది మెట్టుని పైకి లాగుతున్నది ఏమిటి? సమాధానం చెప్పడం తేలిక కాదు. ఆ తర్వాత రాధాకృష్ణన్ గారు వాల్తేరు వచ్చి ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ అయ్యారు.

అలెగ్జాండర్ 1924 నాటికి ఉద్యోగ విరమణ చేశారు. 1925లో శిల్పి జేకబ్ ఎప్‌స్టీన్ చేసిన ఆయన కంచు విగ్రహాన్ని యూనివర్సిటీకి బహూకరించారు. అది పెట్టిన భవనానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. 1930లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ వచ్చింది. 1938 సెప్టెంబరు 13న పోయారు. ఆస్తిలో ఎక్కువ భాగం యూనివర్సిటీకే రాసిపెట్టారు. అస్థికలు మాంచెస్టర్ సదరన్ శ్మశానవాటికలో, యూదులకు కేటాయించిన భాగంలో ఉన్నాయి. క్రైస్తవుల దేవుణ్ణి అంతగా కదిపిన మనిషి తన వాళ్ళని వదిలి వెళ్ళలేదు.

ఆ డిసెంబరులోనే మద్రాసు పక్కన తాంబరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. బార్త్ ధోరణికి దగ్గరగా ఉన్న హెండ్రిక్ క్రేమర్ దానికోసం రాసిన పుస్తకానికి జవాబుగా మద్రాసు క్రైస్తవులు కొందరు ఒక సంపుటం తెచ్చారు. అందులో పదునైన కలం నెల్లూరులో పుట్టిన పి. చెంచయ్య గారిది. పుదుక్కోట సంస్థానంలో జడ్జిగా చేసిన ఆయన, రాధాకృష్ణన్ గారిలాగే మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. బెర్గ్‌సన్ నుంచీ, శ్రీ అరవిందుల నుంచీ నేర్చుకున్నారు. క్రీస్తు అంటే పాత మనిషికి శిక్ష తప్పించడానికి వచ్చినవాడు మాత్రమే కాదనీ, సృష్టి పరిణామంలో పుట్టిన ఒక కొత్త మెట్టు అనీ, ఆ మెట్టు ఎక్కడమే మనిషి పని అనీ ఆయన వాదన. గ్లాస్గోలో యూదుడు ఖాళీగా వదిలిన పై మెట్టు మీద నెల్లూరాయన క్రీస్తుని నిలబెట్టారని నాకు అనిపిస్తుంది. తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లోనే ఆయన పేరు ఎక్కువమందికి తెలియకపోవడం బాధగా ఉంటుంది.

సిడ్నీ సంగతి మిగిలింది. గ్లాస్గోలో ఆ ఉపన్యాసాలు విన్న విద్యార్థుల్లో జాన్ ఆండర్సన్ అనే స్కాట్లండ్ యువకుడొకడు. 1927లో సిడ్నీ విశ్వవిద్యాలయానికి తత్త్వశాస్త్ర ప్రొఫెసర్‌గా వచ్చాడు. గురువు పుస్తకంలో స్థలం, కాలం ఉంచుకుని దైవత్వాన్ని పారేశాడు. ముప్ఫై ఏళ్ళపాటు అక్కడి విద్యార్థులకి నాస్తికత్వం నూరిపోశాడు. చదువులో మతానికి చోటు లేదన్నందుకు 1943లో రాష్ట్ర పార్లమెంటు ఆయన్ని అభిశంసించింది. 1948లో అదే విశ్వవిద్యాలయానికి మెల్‌బోర్న్‌లో పుట్టిన చార్లెస్ బర్చ్ అనే జీవశాస్త్రవేత్త చేరాడు. కీటకాల జనాభా మీద పేరున్న పరిశోధకుడు, చర్చి మనిషి. చిన్ననాటి విశ్వాసం సైన్సు ముందు నిలవక, వైట్‌హెడ్ దగ్గర మళ్ళీ దొరికించుకున్నాడు. 1981లో జాన్ కాబ్‌తో కలిసి జీవం గురించీ దేవుడి గురించీ ఒక పుస్తకం రాశాడు. ఆండర్సన్ 1958లో రిటైరయ్యేదాకా, పదేళ్ళు, ఒకే పుస్తకం తాలూకు ఈ రెండు కొమ్మలూ ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. అలెగ్జాండర్ పుట్టిన జార్జ్ స్ట్రీట్ నుంచి ఆ క్యాంపస్‌కి నడిచి వెళ్ళొచ్చు.

మతచింతనకి చేసిన సేవకి 1990లో బర్చ్‌కి టెంపుల్టన్ బహుమతి ఇచ్చారు. ఆ ఏడు దాన్ని ఇద్దరికి పంచారు. సగం బర్చ్‌కి, మిగతా సగం కుష్ఠురోగుల కోసం ఆనంద్‌వన్ కట్టిన మన బాబా ఆమ్టేకి.